నూట నలభై నాలుగో సామాను

మా ఆయన ఇళ్లు మారేవాళ్ల సామాను తరలించే కంపెనీలో సూపర్‌వైజరు. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల సంసారాలన్నీ అట్టపెట్టెల్లో సర్ది పంపించాడు కానీ, నన్ను మాత్రం ఒక్క రాత్రికైనా ఎక్కడికీ తీసుకెళ్లలేదు. మా ఇంటికి తాళం వేసిన రోజే లేదు. నేను బయటికెళ్తే ఆయన ఇంట్లో ఉంటాడు, ఆయన వెళ్తే నేనుంటాను. ఈసారి మాత్రం ఒంటికాలి మీద లేచాను. చెరువు ఒడ్డున టెంట్ వేసుకుని ఒక్క రాత్రి పడుకుని రావాల్సిందేనన్నాను. రోడ్డు దిగాక రెండు కిలోమీటర్లు కాలిబాటన నడవాలి. అనుమతి కాగితం కూడా నేనే తెచ్చాను. శనివారం సాయంత్రం ఐదులోపు అక్కడి కాపలాదారుకి చూపించకపోతే అది చెల్లదు.

"సరే," అంటూ ఆయన లిస్టు రాయడానికి కూర్చున్నాడు. అదే గొప్పనుకుని పొంగిపోయాను, నా అంత అమాయకురాలు ఇంకెక్కడైనా ఉంటుందా!

సోమవారానికి లిస్టులో పదకొండే ఉన్నాయి. టెంట్, దుప్పట్లు, టార్చిలైటు, నీళ్ల సీసాలు, అలాంటివి. మంగళవారం కత్తెర చేరింది. కత్తెర వస్తే అది ఉండే సొరుగు రావద్దా అన్నాడు. సొరుగు ఒక్కటే వచ్చేస్తే బల్ల బోసిపోతుందన్నాడు. గురువారానికి బీరువా కూడా ఎక్కింది.

"చెరువు దగ్గర బీరువా ఎందుకండీ?"

"తాళంచెవి ఎక్కడ దాచుకుంటాం మరి?"

"ఏ తాళంచెవి?"

"బీరువాది."

నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి వెళ్లిపోయాను.

శనివారం పొద్దున్నే ఆయన కంపెనీ మేస్త్రి ముగ్గురు మనుషులతో, లారీతో దిగాడు. వాళ్ల వృత్తికో నియమం ఉంది. ఒకసారి చెయ్యి పెట్టాక ఇంట్లో చీపురుపుల్ల కూడా మిగలకూడదు. నేను తలస్నానం చేసి వచ్చేసరికి హాల్లో నా దగ్గు నాకే తిరిగి వినపడింది. గడియారం పోయింది, అది వేలాడే మేకూ పోయింది. పొయ్యి మీద పెట్టిన టీని గిన్నెతో సహా మూతపెట్టి, టేపు చుట్టి, 'పైవైపు ఇటు' అని బాణం గీసి ఎక్కించేశారు. మొత్తం నూట నలభై మూడు సామాన్లు. దిండ్ల పెట్టె మీద కూడా 'పగిలేవి' అని రాసి ఉంది.

"మేస్త్రీ, కాలిబాట మీద లారీ ఎలా పోతుందయ్యా?"

"పోదమ్మా, మోస్తాం. అక్కడ హాలు ఏవైపు రావాలో చెప్తే చాలు."

"టెంట్ ఏదీ?"

"ఒకటో నంబరమ్మా. ముఖ్యమైంది కదా, అన్నిటికంటే ముందు ఎక్కించాం."

అంటే లారీలో అన్నిటికంటే లోపల ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. "నాకు టెంట్ కావాలి, ఇప్పుడే కావాలి," అని అరిచాను.

వాళ్లకి ఇంకో నియమం కూడా ఉంది. దించిన సామాను వీధిలో వదలకూడదు, దేని చోట దాన్ని పెట్టాలి. అలా టెంట్ కోసం ఒక్కొక్కటే దించుకుంటూ మూడు దాటేసరికి ఇల్లంతా మళ్లీ సర్దేశారు. మేకు పాత కన్నంలోకే వెళ్లింది. టీ గిన్నె పొయ్యి మీదికి చేరింది. వెలిగిస్తే మరిగింది, అందరం తాగాం.

టెంట్ చేతికొచ్చింది. ఐదింటికి ఇంకా గంటన్నర ఉంది. "పదండి," అన్నాను. ఆయన కొత్త తాళంకప్ప పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయాడు.

"మళ్లీ ఏమైంది?"

"లోపల సామానుండగా తాళం వెయ్యడం నాకు చేతకాదే," అన్నాడు. "ఇరవై ఏళ్లుగా తాళం వేసి వెళ్లిపోయినవాళ్లనే చూశాను. తిరిగొచ్చినవాళ్లని ఒక్కళ్లని కూడా చూళ్లేదు."

నా కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. వారమంతా నేను ఈ మనిషిని వెటకారం చేశాను, ఈయనేమో వారమంతా భయపడుతూ ఉన్నాడు. ఇన్నేళ్లు కాపురం చేసి ఆపాటి కనిపెట్టలేనందుకు సిగ్గేసింది.

అలాగని చెరువుని వదులుకోబుద్ధి కాలేదు. మేస్త్రి జేబులోంచి మార్కరూ ఒక లేబులూ లాక్కుని, రాసి, పైకి బాణం గీసి తలుపుకి అంటించాను. '144. ఇల్లు. కదపరాదు. పార్టీ ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకుంటారు.'

"సంతకం పెట్టండి," అన్నాను.

రెండుసార్లు చదివాడు. బాణం పైకే ఉందా అని తల వంచి చూశాడు. 'సాయంత్రం' పక్కన 'ఆరు గంటలకు' అని చేర్చి సంతకం పెట్టాడు. మేస్త్రి చేత కూడా పెట్టించాడు.

"'పగిలేవి' అని రాయలేదేం?"

"పగలదు. నడవండి."

టెంట్ భుజానికెత్తుకుని, నిండుగా ఉన్న ఇంటికి మొదటిసారి తాళం వేశాడు.