రెండు మినుకుల మధ్య ఎడం

మా ఆయన విదేశంలో పనిచేసేచోట ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. ఆదివారం ఒక్కసారి మాట్లాడనిస్తారు, అదీ సూపర్‌వైజరు పక్కనే కూర్చుని వింటుండగా. పోయిన ఆదివారం ఆయన, "మీ తమ్ముణ్ణి పంపించు. ఇక్కడ బాగానే ఉంది" అన్నారు. రేపు పొద్దున్నే తమ్ముడి ప్రయాణం. ఆ గొంతు ఆయన మామూలు గొంతులా లేదు.

ఆయనది అక్కడ నెట్‌వర్కు గదిలో పని. బయటి లైను బతికుందో లేదో చూడటానికి అక్కడి కంప్యూటరు మా ఇంట్లోని ఇంటర్నెట్ పెట్టెను "ఉన్నావా?" అని అడుగుతూ ఉంటుంది. ఇది "ఉన్నా" అంటుంది. అడిగినప్పుడల్లా పెట్టె మీద పచ్చదీపం మినుకుమంటుంది. అందులో మాటేమీ ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఎవర్ని అడగాలో, ఎంత ఎడంతో అడగాలో ఆయన చేతిలోనే ఉంటుంది. వెళ్ళేముందు ఆయన గోడమీద వేలితో తట్టి నాకు నేర్పారు. సమానంగా మినుకుమంటే క్షేమం. రెండు వెంటవెంటనే వచ్చి, ఆపైన చాలాసేపు రాకపోతే, ఫోన్లో చెప్పింది నమ్మొద్దని. బడి మధ్యలో మానేసినదాన్నే అయినా ఇది మాత్రం మర్చిపోలేదు.

చిక్కల్లా, ఇంట్లో ఎవరు నెట్ వాడినా దీపం పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటుంది. సాయంత్రం పాప చూస్తున్న బొమ్మల వీడియో ఆపేశాను. ఏడుపు లంకించుకుంది. దాన్ని చంకనేసుకుని, బ్యాగు సర్దుకుంటున్న తమ్ముణ్ణి కూడా ఫోన్ ఆపమన్నాను.

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు గానీ, దీపం ముందు గుడ్లప్పగించి కూర్చోమన్లేదక్కా" అన్నాడు. ఆపాడు మాత్రం.

దీపం వెంటవెంటనే రెండుసార్లు మినుకుమంది. ఆగింది. పాప వెక్కిళ్ళు తప్ప చప్పుడు లేదు. మళ్ళీ రెండు. మళ్ళీ ఏమీ లేదు.

వాడికి సంగతంతా చెప్పాను. వాడి మొహంలో నవ్వు పోయింది. ఆదివారం దాకా ఆగి బావనే అడుగుదామన్నాడు.

"అడిగితే ఆ పక్కనున్నవాడు వింటాడురా. మీ బావ ఇంకా అక్కడే ఉండాలి కదా."

వాడు బ్యాగు మళ్ళీ తెరిచాడు. అందులోంచి చొక్కాలు ఒక్కొక్కటే తీసి మంచంమీద పెట్టాడు. బయటికెళ్ళి, తనను పంపుతున్న ఏజెంటుకు ఫోన్ చేసి, అక్కకు ఒంట్లో బాగాలేదు, పసిపిల్లను చూసేవాళ్ళు లేరు, రాలేనని చెప్పాడు.

ఇక మిగిలింది నా పని. కబురు అందితే పెట్టె కాసేపు ఆపెయ్యమని కూడా వెళ్ళేముందే చెప్పారు ఆయన. అడిగినా జవాబు రాకపోతే, నాకు తెలిసిందని ఆయనకు తెలుస్తుంది. ఆ దీపం ఎక్కడ ఆరిపోతుందోనని ఇన్నాళ్ళూ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకున్నాను. పాప చెయ్యి తగలకుండా పైఅరలో పెట్టి కాపాడాను. ఇప్పుడు నా చేత్తోనే ప్లగ్గు పీకాను.

పాప పెట్టెకేసి చూసి ఏడుపు మానింది. అక్కడ ఆయన అడుగుతూనే ఉంటారు, ఉన్నావా అని. పలక్కుండా కూర్చున్నాను.