కడిగి పంపిన శాంపిల్

నాకు నోటిదూల ఉందని మా ఆవిడ పెళ్లయిన వారానికే కనిపెట్టింది. వైద్యుడికి ఉండకూడనిదేదైనా ఉంటే అదే. నాకు మాత్రం నా వైద్యం కన్నా ఎక్కువ పేరు అదే తెచ్చింది.

నేను ప్రకృతి వైద్యుణ్ణి. నా దగ్గరికి సగం మంది కడుపుతో వస్తారు, మగవాళ్లతో సహా. ఒకరిది ఉబ్బరం, ఒకరిది మంట, ఒకరికి మూడు రోజులైనా విరేచనం కాదు. వాళ్ల తిండి మార్చేముందు మల పరీక్ష చేయిస్తాను. తిన్నది అరుగుతోందా, పేగుల్లో మేలు చేసే క్రిములెన్ని, కీడు చేసేవెన్ని, కంటికి కనబడని రక్తమేమైనా ఉందా, అన్నీ ల్యాబ్ వాళ్లు చూసి రాసిస్తారు. నేనిచ్చేది చిన్న ప్లాస్టిక్ డబ్బా. మూతకే చెంచా ఉంటుంది. బఠాణీ గింజంత చాలు, నీళ్లు తగలకూడదు. ఈ రెండు ముక్కలు చెప్పేసరికే చాలామంది నేలచూపులు చూస్తారు. ఆ సిగ్గు పోగొట్టడానికే మొదట్లో జోకులేసేవాణ్ణి. పోనుపోను జోకుల కోసం వాళ్ల సిగ్గును వాడుకోవడం అలవాటైంది.

ఒంటికి మట్టి పట్టీలు వేస్తానని అత్తవారింట్లో నా పేరు మట్టి డాక్టరు. పెట్టినవాడు మా బావమరిది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఆ ఇంట్లో ఎవరికి జలుబు చేసినా పక్కవీధి డాక్టరు దగ్గరికే పరిగెత్తుతారు. మా అత్తగారొక్కరే నా వైపు. మా సంబంధం కుదిరేటప్పుడు "బిళ్లలివ్వని డాక్టరేమిటి?" అని అందరూ నవ్వితే, "మన పిల్లకి చేదు మింగించని మొగుడు దొరికాడు, సంతోషించండి" అన్నారట. అంత అభిమానమున్న మనిషే, నేను గదిలోకి వస్తే కుర్చీలోంచి లేచి నిలబడేవారు. ఆవిడకు అల్లుడంటే అంత మర్యాద. కాలు బెణికినా నాతో అనేవారు కాదు, కూతురితో చెప్పేవారు.

అయిదు నెలల కిందట అత్తగారి వీధిలో ఉండే టైలరమ్మ నా క్లినిక్‌కు వచ్చింది. తన చుట్టమావిడకు కడుపు బాగోలేదనీ, రమ్మంటే సిగ్గుపడుతోందనీ చెప్పి డబ్బా పట్టుకెళ్లింది. రెండో రోజు తిరిగి తెచ్చింది. ఫారంలో పేరు లేదు. వయసు అరవై రెండు అనీ, బాధ ఉన్న చోట 'అప్పుడప్పుడు ఎరుపు' అనీ ఉంది.

డబ్బా చుట్టూ ఇస్త్రీ చేసిన కొత్త రుమాలు, దానికి ముడి. మూత తీశాను. గుప్పుమని ముఖానికి రాసుకునే పౌడరు వాసన. లోపల ఉన్నదాన్ని నీళ్లలో కడిగి, ఆరబెట్టి, పైన పౌడరు చల్లి పంపిందా మహాతల్లి! నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను.

"కడిగేస్తే పరీక్షకి ఇంకేం మిగిలిందమ్మా?" అన్నాను టైలరమ్మతో. "ఉన్నదున్నట్టు మళ్లీ పంపమనండి. ఎరుపంటున్నారు, ఆలస్యం చెయ్యొద్దనండి."

రక్తం పడుతున్న మనిషిని ముందు పెద్దాసుపత్రికి పంపాలి. అప్పుడు నా డబ్బాతో పనేమిటి? అది తెలియక కాదు. ఆ క్షణంలో నా బుర్ర నిండా పౌడరే ఉంది.

ఆ ఆదివారం మా మరదలి పుట్టినరోజు. అత్తవారింట్లో అందరం భోజనాలకు కూర్చున్నాం. బావమరిది తన మామూలు ధోరణిలో "ఏం మట్టి డాక్టరూ, ఈ వారం ఏం పరీక్షించావేంటి?" అని కదిపాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు. ఉప్పూ కారం దట్టించి చెప్పాను. రుమాలు విప్పడం అభినయించి చూపించాను. "పెళ్లికూతుర్ని చేసి పంపింది బావా! బొట్టొక్కటే తక్కువ" అన్నాను. పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారు. మరదలికి పొలమారింది. మా ఆవిడ "ఛీ, తినేచోట ఏం మాటలవి" అంటూనే కళ్లు తుడుచుకుంది. వడ్డిస్తున్న అత్తగారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లి చాలాసేపటి దాకా రాలేదు.

ఎరుపు సంగతి నేను చెప్పలేదు. చెబితే ఎవరూ నవ్వరు.

రెండో డబ్బా రానేలేదు. ఫారంలో టైలరమ్మ ఫోన్ నంబరుంది, ఒక్కసారి చేసి అడిగితే నా సొమ్మేం పోదు. అడగలేదు. పోతే పోయిందిలే ఒక బేరం అనుకున్నాను.

కిందటి నెల ఒక మధ్యాహ్నం టైలరమ్మే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ అత్తగారు పాత బట్టలు తెచ్చింది, కుట్టు లోపలికి వెయ్యమని" అంది. "కొలత తీశాను. మనిషి నాలుగంగుళాలు తగ్గింది డాక్టరు గారూ. నాలుగు నెల్లలో నాలుగంగుళాలు."

"అత్తయ్యా? మాతో ఏమీ అనలేదే?"

"ఎలా అంటుంది? ఆ డబ్బా ఎవరిదనుకున్నారు?" గొంతు పెంచింది. "మళ్లీ ఇవ్వవే తల్లీ అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇంకా ఇస్తే ఈసారి ఏం కథ చెబుతాడో అంది. ఎవరితో అననని నాతో ఒట్టేయించుకుంది. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి వచ్చాను."

నాకు తల కొట్టేసినట్టయింది. బయట రోగులు కూర్చుని ఉన్నారు. వాళ్లను పంపించేసి, మా ఆవిడకు చెప్పడానికి మొహం చెల్లక, ఒక్కణ్ణే అత్తగారింటికి వెళ్లాను. దారి పొడుగునా, ఇంట్లో ఇంకెవరూ ఉండకూడదని కోరుకున్నాను. ఆవిడ ఆరోగ్యం కోసం కాదు, నా పరువు కోసం.

ఆవిడ వంటింటి బల్ల దగ్గర బీన్స్ ఈనెలు తీస్తున్నారు. నన్ను చూసి లేవబోయారు. బల్ల పట్టుకుని గానీ లేవలేకపోయారు. ఇన్నాళ్లూ వారం వారం చూస్తున్న మనిషే. మణికట్టు ఎముక అంత పైకి తేలిందని నేను అప్పుడే చూశాను.

"కూర్చోండి అత్తయ్యా. ఆ రోజు భోజనాల దగ్గర ఒకావిడ గురించి చెప్పాను కదా..."

"ఏ ఆవిడ బాబూ?"

"డబ్బా పంపిన ఆవిడ."

చేతులు ఆగిపోయాయి. నేను కూడా బీన్స్ కేసే చూస్తూ మాట్లాడాను. "ఆవిడ మళ్లీ పంపలేదు. ఎలా ఉన్నారో కనుక్కుందామని."

"ఆవిడకి బాగోలేదు" అన్నారు.

"రక్తం ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాది కావస్తోందేమో. మొలలనుకుంది ఆవిడ. అవే తగ్గుతాయిలే అనుకుంది."

"ఇప్పుడూ అప్పుడప్పుడేనా?"

"లేదు బాబూ. ఇప్పుడు రోజూ."

"నొప్పి?"

"ఉంది. నిద్ర పోనివ్వదు ఆవిణ్ణి."

ఇవే ప్రశ్నలు వేలమందిని కిసకిసా నవ్వించి మరీ అడిగాను. ఆ రోజు ఒక్కో ప్రశ్నకీ ఒక్కో బీన్స్ ఈనె తీస్తూ అడిగాను.

"అలా నవ్వులాట చేసినందుకు ఆవిడ నన్ను క్షమిస్తారా అత్తయ్యా?"

"దాందేముంది. అందరితో పాటు ఆవిడా నవ్వింది కదా" అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు. ఆ మాటకి చచ్చినంత పనయింది. తర్వాత బీన్స్ ఒకటి తుంచుతూ, మెల్లగా, "అయినా కడక్కుండా ఎలా పంపుతుంది చెప్పండి, అల్లుడి చేతికి?" అన్నారు.

అన్నాక నాలుక కరుచుకున్నారు. నేను విననట్టు కిటికీ వైపు చూశాను.

"రేపు పెద్దాసుపత్రికి వెళదాం అత్తయ్యా."

"ఎవరు?"

"ఆవిడా, నేనూ."

"సరే బాబూ. ఆవిడతో చెబుతాను."

తర్వాత పరీక్షలన్నీ నా చేతిలోంచి దాటిపోయాయి. గొట్టం వేసి లోపల చూశారు. ముక్క తీసి ల్యాబ్‌కి పంపారు. పది రోజుల తర్వాత రిపోర్టు వచ్చిందని పిలిస్తే నేనూ, మా ఆవిడా, బావమరిదీ అత్తగారితో పాటు వెళ్లాం. డాక్టరు నాకన్నా చిన్నవాడు. నా రోగుల దగ్గర నేను మాట్లాడినట్టు కాకుండా ఒక్కో మాటా ఆచితూచి మాట్లాడాడు. పెద్దపేగులో గడ్డ ఉందన్నాడు. మంచిది కాదన్నాడు. కోసి తీస్తారట, ఆ తర్వాత పక్కన సంచీతో బతకాల్సి రావచ్చట.

"సంచీ అంటే?" అన్నారు అత్తగారు.

మలం పేగు చివరి దాకా పోకుండా, కడుపు మీద పెట్టిన రంధ్రంలోంచి సంచీలోకి వస్తుందని ఆయన చెప్పాడు. రోజూ దాన్ని మార్చాలి, మొదట్లో ఇంట్లోవాళ్లెవరైనా సాయం చెయ్యాలి. అత్తగారు ఒళ్లో చేతులు ముడుచుకుని విన్నారు. నా వైపు చూడలేదు.

"నాలుగు నెల్ల కిందట వచ్చుంటే ఇంత దూరం వచ్చేది కాదేమో" అన్నాడు డాక్టరు. "రక్తం పడుతుంటే ఎందుకు ఊరుకున్నారమ్మా? ఇంట్లో డాక్టరున్నారు కదా, ఈయనకైనా చెప్పాల్సింది."

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను.

"మా అల్లుడు మొదట్నించీ పోరుతూనే ఉన్నాడు బాబూ" అన్నారు అత్తగారు. "పరీక్ష చేయించుకో, చేయించుకో అని. నేనే పెడచెవిన పెట్టాను."

మా ఆవిడ ఏడుస్తూ తల్లి మీద విరుచుకుపడింది. "ఆయన అంతగా చెబుతుంటే వినకపోతే ఎలాగమ్మా? ఆయన మాటంటే అంత లోకువా నీకు?" బావమరిది నా భుజం మీద చెయ్యి వేశాడు. నా పెళ్లయ్యాక నన్ను మొదటిసారి మట్టి డాక్టరు అనకుండా "సారీ బావా" అన్నాడు. అత్తగారు తప్పు చేసిన పిల్లలా తల వంచుకుని కూతురు పెట్టే చివాట్లన్నీ తిన్నారు.

డాక్టరు కాగితం మీద రాసుకుంటూ నా వైపు చూశాడు. "మీరు ముందే చెప్పారన్నమాట?"

"చెప్పానండి" అన్నాను.