బొట్టు తుడిచిన మిషన్

దేవదానం కళ్లు మూసుకుని ప్రార్థన ముగించేసరికి వెనక నుంచి ఒక్క గొంతే "ఆమేను" అంది. అది యాదయ్య గొంతు. ఆ మాటకు అర్థమేమిటో అతను ఏనాడూ అడగలేదు. పెద్దవాళ్లు దండం పెట్టినచోట తనూ పెట్టి, వాళ్లు అన్నది తనూ అనేవాడు. దసరా ముందు దాకా శేఖర్, మహేశ్ కూడా అలాగే అనేవారు. ఇప్పుడు వాళ్లిద్దరూ రోడ్డవతలి షెడ్డులో పనిచేస్తున్నారు, ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుంటున్నారు.

దేవదానం మెయిన్ స్విచ్చి వేశాడు. మదీనాగూడలో హైవేను ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు అది. లారీ పోయినప్పుడల్లా పైకప్పు దడదడలాడుతుంది. యాభై దాటిన సన్నటి మనిషి అతను. చేతులు మాత్రం ఆ ఒంటికి సరిపోనంత పెద్దవి. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో చితికిపోయి వంకరగా మొలిచింది. చర్చికి వేసుకుని వేసుకుని పాతబడ్డ తెల్లచొక్కాలే అతనికి పనిబట్టలు, అందుకే ఎంత మాసినా కాలరు గుండీ పెట్టుకునే ఉంటాడు.

చాలా ఏళ్లు బాలానగర్‌లో ఒకరి దగ్గర లేత్ నడిపాడు. యాదయ్యది పక్క మిషన్. ఆ యజమాని అమ్మేసిన పాత లేత్‌నే కొనుక్కుని సొంత షెడ్డు పెట్టిన రోజున, "ఈ షెడ్డు నీది ప్రభువా, నేను నీ జీతగాణ్ణి" అని మొక్కుకున్నాడు. ఆడిన మాట తప్పే మనిషి కాదు. ఆదివారం ఎవరొచ్చి బతిమాలినా షట్టరు ఎత్తడు. నాసిరకం రేకు వాడమంటే ఆర్డరే వద్దంటాడు. ఎవరి చెయ్యీ తడపనన్నందుకు ఒక ఎండాకాలమంతా కరెంటు కనెక్షన్ కోసం ఎదురుచూశాడు. "దానమన్న దేవునికి దగ్గరైతుండు, గిరాకికి దూరమైతుండు" అని చుట్టుపక్కల షెడ్లవాళ్లు నవ్వేవారు. వాళ్లతోపాటు తనూ నవ్వేవాడు.

మాదాపూర్‌లో కంప్యూటర్ల కోసం లేస్తున్న పెద్ద భవనానికి సీలింగు బిగించే క్లాంపులు కావాలని ఆర్డరు వచ్చినప్పుడు, అది తన ప్రార్థనకు జవాబే అనుకున్నాడు. ఉన్నదంతా ఊడ్చి పవర్ ప్రెస్సు కొన్నాడు. ఆకుపచ్చ రంగుది, మనిషికన్నా ఎత్తు. రేకుముక్కను చేత్తో లోపలికి తోసి, చెయ్యి వెనక్కి తీసి, కాలితో పెడలు తొక్కితే పై నుంచి ధడేల్‌మని దిగి క్లాంపు కోసి పడేస్తుంది. చెయ్యి బయటికి రాకముందే కాలు తొక్కితే వేళ్లు మిగలవు.

పాత లేత్‌కు దసరా పూజ లేకపోయినా పనివాళ్లు సర్దుకున్నారు. బాలానగర్‌లో ఉన్నప్పుడు దానికి పడాల్సిన కొబ్బరికాయలన్నీ పడ్డాయిలే అనుకున్నారు. ప్రెస్సు సంగతి వేరు. దాని కోరలు చూస్తేనే నోరెండిపోతుంది. అందుకే పండుగనాడు యజమాని లేనిది చూసి శేఖర్ దాని నుదుట పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. మర్నాడు పొద్దున దేవదానం నూనెగుడ్డ తీసుకుని, అందరూ చూస్తుండగా ఆ బొట్టు తుడిచేశాడు. తుడిచేటప్పుడు తనకేమీ అనిపించలేదు. చూస్తున్నవాళ్ల గుండె మాత్రం జారిపోయింది. బొట్టు పెట్టకపోతే అదొక లెక్క. పెట్టిన బొట్టు తుడవడమంటే ముత్తయిదువను ముండమోయించడమే. ఆ మధ్యాహ్నమే రేకు ఎగిరి శేఖర్ అరచెయ్యి చీరింది. దవాఖానకు తీసుకుపోయి కుట్లు వేయించింది దేవదానమే. అయినా ఆ మర్నాటి నుంచి శేఖర్ రాలేదు, మహేశ్ కూడా రాలేదు.

ఇక మిగిలింది యాదయ్య. పొట్టిగా, బండరాయిలా ఉండే మనిషి. ఇవాళ కూడా ప్రెస్సు ముందు నిలబడి రేకు తోశాడు, చెయ్యి తీశాడు, పెడలు మీద కాలు పెట్టి ఆగాడు. తొక్కాక కూడా కాసేపు తన చేతినే చూసుకున్నాడు.

"అన్నా, జర ఒక మాట."

"చెప్పు."

"ఒక్క నిమ్మకాయ కోద్దం. ఎవ్వలికి చెప్ప. నీ దేవునికి కోపమొస్తే యాదిగాడు చేసిండని నా పేరు చెప్పు."

దేవదానం నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "దేవునికి అబద్ధం చెప్పమంటవా?" అన్నాడు.

పన్నెండు దాటాక కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు యజ్ఞనారాయణ స్కూటరు మీద వచ్చాడు. గోదావరి వైపు మనిషి. ఒక మూల పడి ఉన్న క్లాంపుల చిన్న కుప్పను చూసి పెదవి విరిచాడు.

"రేపు సాయంత్రానికి సరుకు చేరకపోతే ఆర్డరు వేరేవాళ్లకు వెళ్లిపోతుందండీ. నా చేతిలో ఏమీ లేదు. మనుషులెందుకు మానేశారో రోడ్డవతల చెప్పుకుంటుంటే విన్నాను." స్కూటరెక్కబోతూ ఆగాడు. "అంతలేసి కంప్యూటర్లు వచ్చే బిల్డింగుకే గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టారండీ. మీరేమిటండీ, ఇంత చిన్న క్లాంపుకి ఇంత పట్టింపు!"

స్కూటరు వెళ్లిపోయింది. ఎందుకో చెప్పాలంటే దేవదానం మెదక్ దగ్గరి తన ఊరి నుంచి మొదలుపెట్టాలి. పోచమ్మ జాతరలో దున్నపోతును కొట్టాక దాని తలను నెత్తిన పెట్టుకుని ఊరు తిరగాల్సింది తన తండ్రే. చెంపల మీదుగా నెత్తురు కారుతుంటే డప్పుల వెంట ఊరంతా ఎగిరేది. తెల్లారితే అదే ఊరు అతన్ని అంటుకోవద్దనేది. ఆ బరువు దించుకుని చర్చిలో అందరి పక్కన చాప మీద కూర్చున్న రోజున తండ్రి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇప్పుడు తను నిమ్మకాయ కోస్తే, ఆ తలను తన చేత్తోనే మళ్లీ తండ్రి నెత్తిన పెట్టినట్టే అవుతుందనిపించింది దేవదానానికి. ఇది యాదయ్యకు చెప్పలేడు. ఆ డప్పుల వెంట ఎగిరినవాళ్లలో యాదయ్య తాతలూ ఉన్నారు. ఇద్దరిదీ ఒకే ఊరు.

అన్నం తిన్నాక దేవదానం లేచాడు. ఎటో చూస్తూ అన్నాడు.

"నేను చాయ్ తాగొస్త. నువ్వు ఏం చేస్కుంటవో చేస్కో. నేను చూడ."

ఆ మాట అన్నందుకు హోటల్ దాకా సిగ్గుతో చచ్చిపోయాడు. చాయ్ మీద మీగడ కట్టింది. తాగలేదు. యాదయ్య పని కానిచ్చి ఉంటాడా అని ఒకసారి, కానిచ్చి ఉంటే బాగుండునని ఒకసారి అనుకున్నాడు. ఆ రెండోసారి అనుకున్నది పైవాడు విన్నాడేమోనని భయపడ్డాడు.

తిరిగొచ్చేసరికి యాదయ్య ఖాళీ చేతులతో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"చెయ్యలేదా?"

"షెడ్డు నీది అన్నా. యజమాని చేతితోని గావాలె. నేను చేస్తె దొంగపూజ అయితది, ఇంకింత కీడు." యాదయ్య నడుము పట్టుకుని లేచాడు. "ఇగ పోనీ. పని గావాలె గద."

మళ్లీ ప్రెస్సు ముందు నిలబడ్డాడు. రేకు తోశాడు. అతని చూపు బొట్టు తుడిచిన చోటే ఆగింది. చెయ్యి ఇంకా లోపలే ఉంది, కాలు మాత్రం పెడలు మీద బరువు వేస్తోంది. దేవదానం ఒక్క గెంతులో వచ్చి చొక్కా పట్టి వెనక్కి లాగాడు. ప్రెస్సు దిగింది. యాదయ్య తన చేతిని గుండెలకు హత్తుకుని నిలబడిపోయాడు. దేవదానం పోయి మెయిన్ స్విచ్చి ఆపేశాడు.

తిరిగొచ్చి యాదయ్య చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు.

"వద్దు యాదయ్యా. నీ చెయ్యి బెదిరింది. బెదిరిన చెయ్యి దీని కింద ఉండొద్దు."

"మరేం జెయ్యాలె?"

"రోడ్డవతల అడుగు. శేఖర్ చెప్తే పెట్టుకుంటరు."

"నువ్వొక్కనివే ఎట్ల జేస్తవన్నా? రేపే గద ఇచ్చేది."

"నాకు ప్రభువు..." అని మొదలుపెట్టాడు దేవదానం. నాలుక మీద ఎన్నేళ్లుగానో తిరిగిన మాటే, ఇవాళ పూర్తి కాలేదు.

ఒక్క నిమ్మకాయ చాలు, మనిషి ఉండిపోయేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. యాదయ్య కాసేపు ఆగి చూశాడు. తర్వాత కుళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చాడు. రోజూ అన్నట్టే "వస్త అన్నా" అన్నాడు. రోడ్డు దాటేటప్పుడు ఎడాపెడా లారీలు అడ్డం రావడంతో దేవదానానికి అతని వీపు కూడా సరిగ్గా కనిపించలేదు.

షట్టరు సగం దించి, నూనె మరకల గచ్చు మీద మోకరించాడు. ఎప్పుడూ ధారగా వచ్చే మాటలు రాలేదు. "నీ షెడ్డన్నాను గద ప్రభువా. నీ షెడ్డుల పనివాళ్లు లేరు," అని మాత్రం అన్నాడు. జవాబు కోసం ఆగాడు. పైన రేకులు దడదడలాడాయి. ఆర్డరు పోతుంది. ప్రెస్సు కూడా అమ్ముకోవాల్సి వస్తుంది, బహుశా రోడ్డవతలి షెడ్డుకే. అక్కడ వాళ్లు దానికి మళ్లీ బొట్టు పెడతారు. తను నిలబెట్టుకున్నది దేవుణ్ణా, పంతాన్నా? ఆ ప్రశ్న ఇంతకుముందు ఎన్నడూ రాలేదు.

చాలాసేపటికి మొహం కడుక్కుందామని కుళాయి దగ్గరికి పోయాడు. గట్టు మీద యాదయ్య రుద్దుకుని పెట్టిన సబ్బుముక్క ఇంకా తడిగానే ఉంది. దాని మీద నల్లగా, ఒక్కటి కూడా తక్కువ కాకుండా, అయిదు వేళ్ల గుర్తులు.