ఊ కొట్టే మట్టి

పెద్ద కోడలు లేవగానే చేసే మొదటి పని, పెరట్లో డ్రమ్ము మూత తీసి కర్రతో కలపడం. అందులో ఉండేది బెల్లం నీళ్ళూ, వాటిని తిని బతుకుతూ మట్టికి బలమిచ్చే సూక్ష్మజీవులూ. కాస్త మిగుల్చుకుంటే చాలు, పాలల్లో వేసే తోడులాగే మళ్ళీ డ్రమ్మంతా అవుతుంది కాబట్టి ఇంట్లో దాన్నీ తోడు అనే అంటారు. ఆ తోడు పోసిన మట్టి ఊ కొడుతుంది. ఎవరేం చెప్పినా విని చిన్నగా ఊ అంటుంది. ఎరువు పట్టిందో లేదో ఆ వీధిలో అందరూ అలాగే తెలుసుకుంటారు.

ఆవిడకి ఆ ఊ చాలు. తనేం చెప్పినా భర్త టీవీ చూస్తూ వింటాడు, అంటే వినడు. అందుకే వంగమొక్కల మధ్య కూర్చుని మోకాళ్ళ నొప్పి దగ్గర్నుంచీ అన్నీ మట్టికే చెప్పుకునేది. తోడికోడలి గురించైతే మరీను. తీసుకెళ్ళిన నీళ్ళ డబ్బా మూతి విరగ్గొట్టి తెచ్చిచ్చిందని మొదలైన గొడవ ముదిరి, పెరటి మధ్య ఇటుకల వరస వెలిసింది. ఇటు పెద్ద కోడలి వంకాయలు, అటు చిన్న కోడలి చిక్కుళ్ళు. ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఒకరోజు కొళాయి నీళ్ళలో బ్లీచింగ్ వాసన గుప్పుమంది. మామూలుగా ఆవిడ నీళ్ళు పట్టి ఒక రోజు బకెట్లలో ఉంచి, వాసన పోయాకే డ్రమ్ములో పోసేది. ఆ రోజు ఇటుకల అవతల నవ్వు వినిపించింది. తనని చూసే నవ్విందని ఒళ్ళు మండి, పైపు తిన్నగా డ్రమ్ములో పెట్టేసింది. అవే నీళ్ళు మడులన్నిటికీ పోసింది. మర్నాడు ఎంత చెప్పినా మట్టి ఉలకలేదు, పలకలేదు. కొద్దిరోజులకే వంగ ఆకులు పాలిపోయాయి.

ఈ పంట కూడా పోతే పెరడంతా సామాన్ల షెడ్డుకి అద్దెకిచ్చేద్దామనీ, తమ్ముడూ సరేనన్నాడనీ భర్త తేల్చేశాడు. ఆవిడకి భయమేసింది. వంకాయల కోసం కాదు, ఇక తన మాట వినేవాళ్ళే ఉండరని.

సాయంత్రం వెళ్ళి ఇటుకల దగ్గర నిలబడింది. తోడు ఎప్పుడో కిందనుంచి అటు పాకినట్టుంది, చిక్కుళ్ళు నిగనిగలాడుతున్నాయి. చిన్న కోడలు వంగి కలుపు తీస్తోంది. ఆ మనిషిని అడగడానికి నోరు రాక, నేలని చూస్తూ అంది.

"కాస్త తోడు కావాలి."

"ఊ" అని వినిపించింది.

అన్నది మట్టో మనిషో తెలియలేదు. చిన్న కోడలు నిండా కాసిన చిక్కుడు మొక్కనొకదాన్ని పెకలించి, వేళ్ళకున్న బుడిపెలు రాలకుండా, తోడు పట్టిన మట్టిగడ్డతో సహా తెచ్చి ఇటుకల మీద పెట్టింది.

"వాసన పోయిన నీళ్ళు పొయ్యక్కా" అంది. "నువ్వు నన్ను తిట్టినప్పుడల్లా ఇటుపక్క మట్టి కూడా ఊ కొట్టేది. నువ్వు పైపు డ్రమ్ములో పెట్టిన రోజు నేను నవ్వింది దానికే."

పెద్ద కోడలికి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఇద్దరూ కలిసే డ్రమ్ము కడిగి, ఆ మట్టిగడ్డని కొత్త బెల్లం నీళ్ళలో కలిపారు.

వంగమడుల్లో ఊ మళ్ళీ మొదలైన రోజే, పంట పోయినట్టేనని భర్త షెడ్డు మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. టేపు పరిచి కొలతలు చెప్పి, "ఇచ్చేద్దాం, ఏమంటారు?" అన్నాడు. తోడికోడళ్ళిద్దరూ తలెత్తకుండా చిక్కుడుకాయలు కోస్తూనే ఉన్నారు. మట్టి ఊ అనని చోట గుంజ పాతేవాడు ఆ వీధిలో లేడు కాబట్టి, ఆయన కిందకి చూస్తూ ఇంకోసారి గట్టిగా అడిగాడు.

ఎవరేం చెప్పినా ఊ కొట్టే మట్టి, ఇటుకలకి ఇటూ అటూ కూడా, కిక్కురుమనలేదు.

షెడ్డు మనిషి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.