నాలుగు పోగుల కుట్టు

“నీ కుట్టు మళ్ళీ తెగిందట కదా!” అన్నాడు మా ఆయన హేమసుందర్, నేను వేసిన మూడో అట్టు తుంచుకుంటూ. ఆయనా నేనూ ఇద్దరం ఎముకల డాక్టర్లమే. నర్సీపట్నంలో మా ఆస్పత్రి బోర్డు మీద ఆయన పేరు పైన, నాది కింద. పొద్దున్నే అట్లు వేసేది మాత్రం ఒక్క డాక్టరే.

వేలిని మడిచే నరం, అదే టెండన్, తెగితే ఆయన రెండు పోగులతో కుట్టి, మోచేతిదాకా పిండికట్టు వేసి వారాల తరబడి కదలనివ్వడు. కుట్టు నిలుస్తుంది కానీ వేలు బిగుసుకుపోతుంది. నేను నాలుగు పోగులతో కుట్టి, తీసి పెట్టుకునే పట్టీ ఇచ్చి, మొదటి వారంనుంచే వేళ్ళు మెల్లగా మడవమంటాను. రెండింటినీ పోలుస్తూ రెండేళ్ళుగా పట్టిక రాస్తున్నది నేను, విశాఖలో డాక్టర్ల సదస్సులో చదవబోయేది ఆయన. నేను కుట్టినవాటిలో నాలుగు తెగాయి. నలుగురూ ఆడవాళ్ళే. మగవాళ్ళది ఒక్కటీ తెగలేదు. ఆ మాటంటే “ఆడవాళ్ళ నరాలు వేరేనా? ఓడిపోయానని ఒప్పేసుకో” అని నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది.

ఆస్పత్రిలో ఆ నాలుగో మనిషి వెంకటదుర్గ కూర్చుని ఉంది. పనసపొట్టు కొడుతూ ఎడమ చూపుడువేలు నరం తెగేలా కోసుకుంటే నెలక్రితం నేనే కుట్టాను. ఇప్పుడా వేలు మడత పడటంలేదు. పక్కన అత్తగారు రాజులమ్మ.

“ఏం పని చేయించారమ్మా ఈమెచేత?”

“ఏటి సేయిత్తానండీ, ఇంటి పనే! వేళ్ళు కదపమని మీరే సెప్పారు గదా, దుప్పట్లు పిండమన్నాను. మా పక్కింటి రామాయమ్మ కోడలికి మీ ఆయనగారు పిండికట్టేసినారు. దానికెలాగ పని సెప్తాం? దీని సెయ్యి సక్కగానే ఉన్నాది!”

ఆవిడ తప్పు చేశాననుకోవడం లేదు. తప్పెక్కడ జరిగిందో నాకు మాత్రం తెలిసొచ్చింది. గెలిచింది ఆయన కుట్టు కాదు. పిండికట్టు కళ్ళకి కనబడితేనే ఇక్కడ ఆడదానికి సెలవు! మగవాళ్ళని కట్టు లేకపోయినా దుప్పట్లు పిండమనేదెవరు? నూట రెండు జ్వరంలో నేనూ పొయ్యి దగ్గర నిలబడ్డదాన్నే, ఇంతకాలం ఈ ముక్క నాకెందుకు తట్టలేదు? సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

మర్నాడు మళ్ళీ కుట్టాను, నాలుగు పోగులతోనే. ఇదీ తెగితే ఆ వేలు ఇక జన్మలో మడత పడదు. చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా ఇంజక్షన్ ఇచ్చాం కాబట్టి దుర్గ మెలకువగానే ఉంది. “ఈసారి పనిలోకి దిగకుండా ఉండగలవా?” అని అడిగాను.

తలుపువైపు ఓసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, “బాగున్న సేతికి ఎయ్యండి డాక్టరమ్మా, పిండికట్టు,” అంది.

సిస్టర్ కిసుక్కున నవ్వింది. నేను నవ్వలేదు. కుడిచేతికి, వేళ్ళు వదిలేసి మణికట్టునుంచి మోచేతిదాకా, వీధి చివరనుంచి కూడా కనబడేంత మందంగా వేశాను.

హేమసుందర్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. “బాగున్న చేతికి కట్టేమిటి? మతిపోయిందా?”

“విశాఖలో నేను చదువుతాను,” అన్నాను, “ముందు వరసలో కూర్చుని విను.”