చప్పిడి కారియర్

ఎసరు మరిగే చప్పుడు వినగానే కామేశం ఎడమచేత్తో గజ్జ నొక్కి పట్టుకుని, కుడిచేత్తో గుండిగలో బియ్యం పోశాడు. ఏడాదిగా ఇదే పద్ధతి. గజ్జలో నిమ్మకాయంత బుడిపె బయల్దేరిన దగ్గర్నుంచీ ఒక చెయ్యి దానికి కాపలా అయిపోయింది. గుండిగ దించేటప్పుడు మాత్రం రెండు చేతులూ కావాలి. అప్పుడు కండువా నడుముకు బిగించి, పళ్ళు కరుచుకుని దించేసి, గోడకు ఆనుకుని వంద లెక్కపెట్టేవాడు. మొదట్లో అరవై అనేసరికి బుడిపె లోపలికి పోయేది. ఇప్పుడు వందకు కూడా పోవడం లేదు.

అశోక్‌నగర్‌లోని రాజ్యలక్ష్మిగారి మెస్సులో పన్నెండేళ్ళుగా వంట అతనిదే. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. పొట్టి మనిషి. ముంజేతుల మీద వెంట్రుకలు పొయ్యి సెగకు ఎప్పుడో మాడిపోయాయి, కుడి అరచేయి పీటచెక్కలా గట్టిపడింది. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోమని అడిగినవాళ్ళూ లేరు. అతని చేతి చారు తాగి పెద్ద ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు. చారు వాళ్ళకు గుర్తుంది గాని చేసినవాడి పేరు ఒక్కరికీ తెలియదు. ఆ ఏడాది తెలంగాణ గొడవలకు కాలేజీలు మూతపడి, మెస్సులో విస్తళ్ళు అరవై నుంచి పాతికకు పడిపోయాయి. పని తక్కువగా ఉన్నప్పుడే ఆ ఆపరేషన్ ఏదో చేయించుకు రమ్మని రాజ్యలక్ష్మిగారు సెలవిచ్చారు.

డాక్టరు దాన్ని హెర్నియా అన్నాడు. చిన్న ఆపరేషనేననీ, వారంలో లేచి తిరగొచ్చనీ చెప్పాడు. చేయించుకోకపోతే మాత్రం ఏదో ఒకరోజు పేగు అక్కడే బిగుసుకుపోతుంది, అప్పుడు తను కూడా ఏమీ చెయ్యలేనన్నాడు. కామేశానికి ఆ ‘చిన్న’ అన్న మాట దగ్గరే భయం. అతని అన్నగారూ చిన్న ఆపరేషన్‌కే వెళ్ళాడు. లోపలికి వెళ్ళేముందు తమ్ముడి వైపు తిరిగి నవ్వాడు కూడా. మత్తులోంచి మళ్ళీ లేవలేదు.

ఆ భయాన్ని తన నెత్తిన వేసుకున్నవాడు రాఘవేందర్. నారాయణగూడలో మందుల దుకాణంలో పనిచేస్తాడు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఈ మెస్సులోనే తిన్నాడు, పెళ్ళయ్యాక కూడా, తను పంతులూ అని పిలుచుకునే కామేశాన్ని వదల్లేదు. ఆ వేసవిలో ఆంధ్రావాళ్ళ మెస్సు అంటూ ఒక గుంపు రాళ్ళతో వస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డది అతనే. ఒక రాయి భుజానికి తగిలింది. అయినా కదల్లేదు. “మా పంతులుండే తావు ఇది. నన్ను దాటి పోండ్రి” అన్నాడు. కాసేపు అరిచి గుంపు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ రాఘవేందర్ నోట ఒక మాట వచ్చిందంటే కామేశానికి ఇంకో ఆలోచన లేదు.

ఆపరేషన్ పేరు చెబితే వణుకుతున్న మనిషిని చిక్కడపల్లి గుడికి తీసుకెళ్ళిందీ అతనే. మండలం రోజులు ఉప్పులేని ఒంటిపూట ఉంటే స్వామి చల్లగా చూస్తాడని అక్కడ ఒక పెద్దాయన చెప్పాడు. కామేశం గతుక్కుమన్నాడు. అరచేతిలో చుక్క వేసుకుని ఉప్పూకారం చూడందే మెస్సులో వంట దించడానికి లేదు. ఉప్పు ముట్టని వంటవాడు ఎలా కుదురుతుంది? రాఘవేందర్ ఒక్క క్షణం ఆలోచించలేదు. ధ్వజస్తంభం మీద చెయ్యి పెట్టి, “నీ బదులు నేనుంట పంతులు, నలభై దినాలు. నువ్వు బేఫికర్‌గ పోయి బల్ల మీద పండుకో” అన్నాడు. కామేశం కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వారంలోనే ఆసుపత్రిలో పేరు రాయించుకున్నాడు.

అప్పటినుంచీ రోజూ మెస్సు వంటకంటే ముందు, చిన్న గిన్నెలో విడిగా ఒక పప్పు, ఒక కూర. ఉప్పు లేకుండా వండటమంటే వంటవాడి చేతులు కట్టేయడమే. అయినా కామేశం పంతం పట్టాడు. ఒకరోజు నిమ్మకాయ పిండేవాడు, ఒకరోజు అల్లం దంచి వేసేవాడు, ఇంకొకరోజు మిరియాలూ పచ్చికొబ్బరీ. తనకోసం నాలుక కట్టుకున్నవాడికి ముద్ద మింగుడు పడాలి. జన్మలో ఎవరికీ ఇంత మనసు పెట్టి వండలేదు. దాన్ని తల్లి వాడిన ఇత్తడి కారియర్‌లో సర్దేవాడు. రాఘవేందర్ పదింటికి వచ్చి సైకిల్‌కి తగిలించుకుపోయేవాడు, సాయంత్రం కడిగి తెచ్చి ఇచ్చేవాడు. ఎంగిలి గిన్నెలు కూడా తనే కడుక్కుంటున్నాడంటే దీక్ష అంత నిష్ఠగా చేస్తున్నాడని కామేశం పొంగిపోయేవాడు.

గిన్నెలు తోమే హనుమమ్మకు మాత్రం ఎందుకో నమ్మకం కుదరలేదు. “ఉప్పు మానినోని మొకం గట్ల నిండుతదా అయ్యగారూ? ఆ బుగ్గలు జూడరాదు” అంది ఇరవయ్యో రోజున. కామేశం ఆమెను కసిరి, రెండు రోజులు మాట్లాడటం మానేశాడు.

ఈవేళ నలభయ్యో రోజు. పదకొండింటికి ఆసుపత్రిలో చేరాలి, రేపు ఉదయం ఎనిమిదింటికి ఆపరేషన్. రాఘవేందర్ వెంట వస్తాడు, అతని పూట భోజనం అక్కడే. చివరి కారియర్ కదా, శుభ్రంగా మరోసారి తోమి పెడదామని కామేశం మూత తీసి వెలుతురుకు పట్టాడు. అంచు లోపలికి మడిచిన చోట సన్నగా ఎర్రటి నూనె గీత. గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆవపిండి, కారం, వెల్లుల్లి.

రాజ్యలక్ష్మిగారి వంటింట్లోకి వెల్లుల్లి రాదు. పన్నెండేళ్ళలో ఒక్క రెబ్బ కూడా రాలేదు.

పీట మీద కూలబడ్డాడు. అన్నం పొంగి పొయ్యిలో పడుతుంటే హనుమమ్మ వచ్చి కట్టెలు వెనక్కి లాగింది. ఏమైందని అడిగింది, ఏమీ లేదన్నాడు. భయమైతున్నదేమో అనుకుని, కొంగున ముడివేసి తెచ్చిన కుంకుమ తీసి అతని నుదుట పెట్టింది. తను మంగళవారం మొక్కుకున్నాననీ, ఏమీ కాదనీ చెప్పింది. కామేశానికి అది చెవిన పడలేదు. చింతపండు తీసుకుని మూత అంచును రుద్దుతూ కూర్చున్నాడు. గీత పోయింది. పోయాక కూడా రుద్దాడు.

తరవాత లేచి ఉప్పుజాడీ అందుకున్నాడు. చిన్న గిన్నెల్లోని పప్పులోనూ కూరలోనూ ఉప్పు వేశాడు. అందరికీ వేసేంతే, సరిగ్గా. నలభై రోజులు ఉప్పెరగని నాలుక అయితే మొదటి ముద్దకే ఉలిక్కిపడుతుంది. అలా ఉలిక్కిపడి చెయ్యి ఆపితే చాలు. ఆ ఒక్క ముద్ద పాపం తనది. ఊరగాయ సంగతి ఏదో ఒకనాటి నాలుక చాపల్యం అనుకుంటాడు, స్వామి కూడా అలాగే అనుకుంటాడు, రేపు ధైర్యంగా బల్ల ఎక్కుతాడు. ఆపాలి. రాఘవేందర్ చెయ్యి ఆపాలి స్వామీ అని పొయ్యి ముందే దణ్ణం పెట్టుకున్నాడు.

రాఘవేందర్ రిక్షా పిలుచుకొచ్చాడు. రిక్షా పీరయ్యది. నారాయణగూడలో రాఘవేందర్ పనిచేసే దుకాణం ఎదురుగానే అతని అడ్డా. పీరయ్య సంచీ అందుకున్నాడు. తరవాత కారియర్‌ను, తెలిసిన వస్తువును పట్టుకున్నట్టు రెండు చేతులా తీసుకుని సీటు మీద పెట్టాడు. గుంటలు వచ్చినచోటల్లా దిగి మెల్లిగా నడిపించాడు. దారిపొడవునా రాఘవేందరే మాట్లాడాడు. డాక్టరు చెయ్యి ఎంత మంచిదో చెప్పాడు, తన నలభై రోజులు ఎలా గడిచాయో చెప్పాడు.

వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. నర్సు వచ్చి నాడి చూస్తుంటే రాఘవేందర్ ఊరుకోలేదు, పంతులుకోసం తను ఉప్పు మానేసిన కథంతా చెప్పాడు. ఈ కాలంలో ఇలాంటి స్నేహితులు ఎక్కడుంటారని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. పక్క మంచం ముసలాయన చేతులెత్తి నమస్కారం పెట్టాడు. రాఘవేందర్ ఆ నమస్కారం తీసుకున్నాడు.

ఒంటిగంటకు కామేశం కారియర్ విప్పి స్టూలు మీద పెట్టాడు.

“ఇక్కడే తిను రాఘవా. నేను చూస్తాను.”

రాఘవేందర్ చెయ్యి కడుక్కొచ్చి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, పప్పు కలిపాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కామేశం అతని దవడల వంకే చూస్తున్నాడు. అవి ఆగలేదు. రెండో ముద్ద వెళ్ళింది. మూడోది వెళ్ళింది. కూర కలుపుకున్నాడు.

“మొదట్ల మస్తు పరేషానైన పంతులు. ఇప్పుడు అలవాటైంది. చప్పగున్నదన్నట్టే తెలుస్తలేదు” అన్నాడు, ఇంకో ముద్ద కలుపుతూ.

కామేశం గిన్నెలో మిగిలిన పప్పు గరిటెతో తీసి అతనికే వడ్డించాడు. వడ్డించడం చేతికి అలవాటు.

కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఉప్పు తిన్నందుకు కాదు, ఉప్పు అందరూ తింటారు. పదో రోజునో పన్నెండో రోజునో వచ్చి, నావల్ల కావడం లేదు పంతులూ అంటే ఏం పోయింది? తను ఇంకో దారి వెతుక్కునేవాడు. భయపడుతూనే ఉండేవాడు, కాని ఆ భయమైనా నిజమైనదై ఉండేది. రాళ్ళకు నిలబడ్డ మనిషి ఉప్పుకు నిలబడలేకపోయాడు. పైగా గుళ్ళో చెయ్యి వేసి చెప్పిన మాట మీద తనను తీసుకొచ్చి ఈ మంచం మీద పడుకోబెట్టాడు. రేపు ఎనిమిదింటికి తన కింద ఏముంది? ఉత్త బల్ల.

చూడవచ్చినవాళ్ళు వెళ్ళాలని నాలుగింటికి గంట కొట్టారు. “పొద్దుగాల గుడికి పోయి తీర్థం తెస్త. రందివడకు” అని భుజం తట్టి రాఘవేందర్ వెళ్ళాడు. వెళ్తున్న రాఘవేందర్ భుజానికే వేసవిలో రాయి తగిలింది. కామేశం ఆ భుజం వంక చూసి తల ఊపాడు. తరవాత కొళాయి దగ్గర గిన్నెలు మూడూ తనే తోముకుని, ఆరబెట్టి, పేర్చాడు.

పొయ్యి వెలిగించే వేళకు అలవాటుగా మెలకువ వచ్చింది. కిటికీ బయట తెలవారుతోంది. అటెండరు ఇంకా లేవలేదు. కామేశం ఆసుపత్రి చొక్కా విప్పి, మడతపెట్టి, దుప్పటి సర్ది దాని మీద పెట్టాడు. తన పంచె కట్టుకుని, సంచీ పట్టుకుని, గజ్జ మీద ఎడమచెయ్యి వేసుకుని మెట్లు దిగాడు. అన్నగారిలా నవ్వి లోపలికి వెళ్ళడం తనవల్ల కాదు. తునిలో చెల్లెలు ఉంది. ఉన్నన్నాళ్ళు అక్కడ.

గేటు పక్కనే, రాత్రంతా అక్కడే పడుకున్నట్టు, పీరయ్య రిక్షాలో ముడుచుకుని ఉన్నాడు. చప్పుడుకు లేచి కళ్ళు నులుముకున్నాడు.

“అప్పుడే అయిపోయిందా పంతులుగారూ?”

“అయిపోయింది. స్టేషన్‌కి పోనీ.”

రిక్షా కదిలింది. కొంతదూరం పోయాక పీరయ్య వెనక్కి తిరగకుండానే మాట అందుకున్నాడు. “నిన్న బువ్వ రాకపాయె. ఏమైందో అనుకున్న. నెల దినాల సంది పగటిపూట నీ బువ్వే తింటున్న గద.”

కామేశం రిక్షా కమ్మీ పట్టుకున్నాడు.

“రాఘవేందర్ సారే తెచ్చిస్తుండె. బీదోళ్లకు చప్పిడి బువ్వ పెడ్తనని నువ్వు మొక్కుకున్నవంట గద. మా ఆడది ఎల్లిగడ్డేసి తొక్కు పెడ్తది, దాంతోని తింటుంటి. తిన్నప్పుడల్లా మొక్కుతుంటి, ఈ అయ్యకు మంచిగ కావాలె అని.”

ఈ మనిషికి కూడా రాఘవేందర్ అబద్ధమే చెప్పాడు. ఆ అబద్ధంలో తనకు పుణ్యం అంటగట్టాడు. రిక్షా చౌరస్తా దాటింది. వెనక్కి తిప్పమని చెప్పవచ్చు. ఇంకా వేళ ఉంది. ఒక మనిషి నిజంగానే నెలరోజులు మొక్కాడు. కాని ఆ మొక్కు మీద వాలడానికి తన దగ్గర ఇక నమ్మకం మిగల్లేదు, ఉన్నదంతా ఒకచోటే పెట్టేశాడు.

“నిమ్మకాయ సరిపోయేదా?” అని అడిగాడు చివరికి.

“మస్తుండె పంతులుగారూ. నిమ్మకాయ పిండిన దినం తొక్కు ముట్టకపోతుంటి.”

కామేశం తల ఊపాడు.

ఏడింటికి రాఘవేందర్ తులసితీర్థం, ప్రసాదం పట్టుకుని వార్డులోకి వచ్చాడు. నుదుట నిలువుబొట్టు. మంచం మీద మడతపెట్టిన చొక్కా ఉంది. నర్సును అడిగాడు, పక్క మంచం ముసలాయనను అడిగాడు. ఎవరికీ తెలియదు. చేతిలో తీర్థం చెంబుతో అక్కడే నిలబడిపోయాడు. కిటికీ గట్టు మీద, గిన్నెలు మూడూ తోమి పేర్చి, గొళ్ళెం బిగించిన ఇత్తడి కారియర్ ఉంది. చింతపండుతో రుద్దిన మూత అంచు ఒక్కటే కొత్తదానిలా మెరుస్తోంది.