ఎలుకకు మొదటి ముద్ద

మొదటి షిఫ్టు ముగించుకొని ఇంటికొచ్చిన మా నాన్న ఎల్లన్న సద్దిగిన్నెను వాకిట్లోకి విసిరికొట్టాడు. మూత ఊడి, ముట్టని అన్నమంతా ఒలికింది. అన్నం పారేసే మనిషి కాదాయన.

"నీ జర్మనోడు రేపు అస్తుండని బొగ్గుబాయిల ఎలుకలన్నిటికి మందు పెట్టిండ్రు," అన్నాడు. "ఎక్కడ జూసినా చచ్చి పడున్నయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. కాబట్టి ఈ సంగతి నేను నెమ్మదిగా చెప్తానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

గోదావరిఖనిలో భూమి లోపల పనిచేసేవాళ్ళు సద్ది విప్పగానే మొదటి ముద్ద తీసి ఎలుకలకు పెడతారు. జాలితో కాదు. గని కప్పు కూలే ముందు బండల్లో ఏదో కదులుతుంది. మన చెవికి అందదు, ఎలుకకు అందుతుంది. అవి ఒక్కసారిగా ఒక దిక్కుకు ఉరికాయంటే, చేతిలోది అక్కడే పడేసి మనుషులూ అటే ఉరకాలి. కప్పు కింద కర్ర దిమ్మెలు నిలబెట్టడం మా నాన్న పని. దిమ్మె ఎంత గట్టిగా నిలిపినా, ఎలుక కనిపించని చోట ఆయన కూర్చోడు. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి అట్లా ఎలుకల వెంట ఉరికి బతికొచ్చాడు. అందుకే నాకు తండ్రి ఉన్నాడు.

ఈ సంగతే నేను హెల్మూట్ బ్రాండ్నర్‌కు రాశాను. ఆయన జర్మనీలో జంతుశాస్త్రవేత్త. ఆయన పుస్తకాలు అక్కడ బస్సు డ్రైవర్లూ కూరగాయలమ్మేవాళ్ళూ కూడా చదువుతారు. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతూ, ఆయన వ్యాసాలను ఒక పిల్లల పత్రిక కోసం తెలుగు చేసేదాన్ని. ఆయనా బొగ్గు ఊళ్ళోనే పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. జేబులో రొట్టెముక్క పెట్టుకొని దిగి, లోపలి ఎలుకలకు వేసేవాడట. హెల్మూట్‌కు తొమ్మిదేళ్ళప్పుడు ఆ తండ్రి ఒక పొద్దున, ఎలుకలు కనిపించడం లేదు, ఇవాళ పని వద్దన్నాడు. పై అధికారి వినలేదు. దిగకపోతే ఉద్యోగం తీసేస్తానన్నాడు. ఆ సాయంత్రం తండ్రి ఇంటికి రాలేదు.

ఆ పిల్లవాడు జంతువుల చదువులో పడింది అందుకే. పెద్దయ్యాక మ్యూజియంలో మంచి ఉద్యోగం దొరికింది. కానీ ఎలుకల గురించీ కాకుల గురించీ మామూలు జనానికి అర్థమయ్యేలా రాస్తున్నాడని తోటి ప్రొఫెసర్లకు కడుపుమంట. ఇది శాస్త్రం కాదు, వంటింటి కబుర్లని ఎగతాళి చేశారు. చివరికి ఉద్యోగం ఊడగొట్టారు. ఆయన రాయడం మానలేదు. డెబ్బై దాటిన వయసులో మా నాన్న ఎలుకల సంగతి చదివి, వాటిని కళ్ళారా చూసి రాస్తానని బయలుదేరాడు.

అది 2010. గని మేనేజర్ వీర్రాజు. విదేశీ అతిథి వస్తున్నాడని తెలియగానే ఆయన గోడలకు సున్నం వేయించాడు, దారికి రెండు వైపులా జెండాలు కట్టించాడు, లోపల ఎలుకలకు మందు పెట్టించాడు. అతిథి దేనికి వస్తున్నాడో కనుక్కుందామన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. తెలంగాణ ఉద్యమం రోజులు కదా, ఆంధ్రోడు కాబట్టే ఇట్లా చేశాడని మా వాడకట్టంతా తిట్టింది. నేనా మాట అనను. మా పక్కనే ఉన్న కమాన్‌పూర్ మనిషి ఆ కుర్చీలో ఉన్నా అదే చేసేవాడు.

మర్నాడు పొద్దున నేను గని దగ్గరికి వెళ్ళేసరికి మా నాన్న, ఆయన జోడీ సదయ్య, వాళ్ళ జట్టులో మిగతా నలుగురూ తలకు పెట్టుకునే క్యాప్‌ల్యాంపులు తీసుకోకుండా నేల మీద కూర్చొని ఉన్నారు. ఎలుకలు మళ్ళీ వచ్చేదాకా దిగేది లేదని చెప్పేశారట.

"పెద్దోడివి, నువ్వే ఇలా చేస్తే ఎలాగయ్యా ఎల్లన్నా?" అంటున్నాడు వీర్రాజు. "కప్పుకి ఏం కాలేదు. నేను చెబుతున్నానుగా. ఎలుకల జోస్యం నమ్మి డ్యూటీ ఎగ్గొడితే ఆరుగురికీ ఛార్జిషీటు ఇస్తాను. తర్వాత నా కాళ్ళ మీద పడి లాభం లేదు."

నాన్న రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. సదయ్య మొహంలో భయం నాకు కనిపిస్తూనే ఉంది. ఇంకాసేపు బెదిరిస్తే లేచి దిగేలా ఉన్నాడు.

అప్పుడే కారొచ్చింది. బ్రాండ్నర్ దిగాడు. పొడుగ్గా, బక్కగా, మోకాళ్ళ నొప్పులతో కుంటుతున్నాడు. చొక్కా జేబులోంచి రొట్టెముక్క తొంగిచూస్తోంది. వీర్రాజు శాలువా కప్పి, దండ వేసి, మీరేం భయపడక్కర్లేదు, ఇవాళ మా గనిలో ఒక్క ఎలుక కూడా లేదని ఇంగ్లీషులో చెప్పి గర్వంగా నవ్వాడు.

బ్రాండ్నర్ నా వైపు చూశాడు. నేను దాచలేదు. ఎలుకలు ఎట్లా చచ్చాయో, ఆ ఆరుగురు ఎందుకు కూర్చున్నారో, వాళ్ళకు ఏం కాబోతోందో మొత్తం చెప్పాను. ఆయన మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టాడు.

"ఇవాళ వీళ్ళు ఎక్కడ కూర్చొని తినాలి?" అని వీర్రాజునే అడిగాడు. వీర్రాజు చెప్పాడు.

"సరే. ఇవాళ ఆ కప్పు కింద మీరూ నేనూ కూర్చొని తిందాం. నా రొట్టె నా దగ్గరుంది. మీ భోజనం తెప్పించండి."

వీర్రాజు నవ్వాడు. బ్రాండ్నర్ నవ్వలేదు. కార్మికులకు చెప్పమని నాకు సైగ చేశాడు.

"అమ్మా, అది మాత్రం చెప్పకండి," అన్నాడు వీర్రాజు గొంతు తగ్గించి.

క్లాసులో పాఠం చెప్పేదానికంటే గట్టిగా చెప్పాను. కూర్చున్నవాళ్ళంతా తలలెత్తి వీర్రాజును చూశారు.

"నాకు మంచిర్యాలలో మీటింగుందండి," అన్నాడాయన.

నాన్న అప్పుడు లేచాడు. "మీటింగుకు ఇంకా టైముంది గద సార్. ఆయన గంత దూరంకెల్లి అచ్చిండు. జల్ది దిగి, తిని రాండ్రి."

వీర్రాజు వాచీ చూసుకున్నాడు.

"మీరు కూసోనన్న కాడ మమ్ముల కూసోమంటున్నరు," అన్నాడు నాన్న. "గంతేగద సార్."

వీర్రాజు వెళ్ళి జీపెక్కాడు. సదయ్య లేవలేదు. ఆ రోజు ఆరుగురిలో ఎవరూ దిగలేదు.

బ్రాండ్నర్ శాలువా నేల మీద పరుచుకొని వాళ్ళ మధ్య కూర్చున్నాడు. నాన్న అలవాటు కొద్దీ మొదటి ముద్ద తీసి పక్కన పెట్టాడు. బ్రాండ్నర్ తన రొట్టెలోంచి ఒక ముక్క తుంచి దాని పక్కనే పెట్టాడు. తిని లేచేదాకా ఆ రెండూ అక్కడే ఉన్నాయి. అతిథి ముందు క్రమశిక్షణ తప్పారని ఆ వారమే ఆరుగురికీ ఛార్జిషీట్లు వచ్చాయి.

ఇది ఎవరికి చెప్పినా ఒకటే అడుగుతారు: మరి ఆ కప్పు కూలిందా? చదువుకున్నవాళ్ళే అడుగుతారు. వీర్రాజు మీద కంటే నాకు ఆ ప్రశ్న మీదే ఎక్కువ కోపం. కప్పు కూలి, మా నాన్న దాని కింద ఉంటే గాని ఆయన మాట నమ్మరా? కూలిందో లేదో నేను చెప్పను. చెప్పమని నన్ను అడగొద్దు.

బ్రాండ్నర్ అడగలేదు. చనిపోవడానికి ముందు ఏడాది, ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, ఎలుకలు తిరిగొచ్చాయా అని మాత్రం అడిగాడు. ఆ మాట చెప్పి ఫోన్ నాన్నకిచ్చాను. ఒకరి భాష ఒకరికి రాదు.

"అచ్చినయన్నా," అన్నాడు నాన్న. "నీ పేర గూడ ఒక ముద్ద పెడుతున్న."